రెండు ల్యాబుల మధ్య ఒక గీత

మల్లాపూర్ లాంటి మండలంలో పీహెచ్‌సీలో తీసిన రక్తాన్ని పరీక్షకు జిల్లా కేంద్రానికి పంపుతారు. తెలంగాణలో జగిత్యాల, సిరిసిల్లతో కలిపి 19 జిల్లాల్లో ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రాలు 2021 జూన్‌లో మొదలయ్యాయి. అదే మనిషి కోరుట్లలో ఓ ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకచోట 0.9, మరోచోట 1.2 రావచ్చు. అంతమాత్రాన ఎవరో తప్పు చేశారని కాదు. 1886 నాటి జాఫే పద్ధతిలో పిక్రిక్ ఆమ్లం కలిపి, వచ్చే నారింజ రంగును కొలుస్తారు. రక్తంలోని ప్రోటీన్లు, కీటోన్లు కూడా ఆ రంగులో కొంత వాటా పంచుకుంటాయి. ఎంజైమ్ పద్ధతిలో ఆ బెడద చాలా తక్కువ, ఖర్చు మాత్రం ఎక్కువ.

అందుకే ల్యాబ్ పద్ధతి మార్చేముందు కనీసం 40 మంది శాంపిళ్లను రెండు పద్ధతుల్లోనూ పరీక్షించి గ్రాఫ్ మీద చుక్కలు పెట్టాలి. తక్కువ విలువలూ ఎక్కువ విలువలూ అందులో ఉండాలి. ఇక్కడే చాలామంది సహసంబంధ గుణకం 0.99 వచ్చిందని సంబరపడి ఆగిపోతారు. కొత్త మిషన్ ప్రతి విలువనూ సరిగ్గా రెట్టింపు చేసి చూపినా ఆ గుణకం 1 వస్తుంది! బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్ పత్రికలో ఈ భ్రమనే ఎండగట్టారు. రెండు విలువల తేడాను వాటి సగటుకు ఎదురుగా గీసి చూడమన్నారు.

తేడా ఎలాంటిదో చెప్పేది ఆ చుక్కల గుండా గీసే ప్రతిగమన రేఖ. పసుపు తూచే కాంటా ఖాళీగా ఉన్నప్పుడే రెండు కిలోలు చూపితే ప్రతి బస్తాకూ అదే రెండు కిలోల తేడా. క్వింటాకు కిలో చొప్పున తప్పు చూపితే బరువుతోపాటు తేడా పెరుగుతుంది. గీతలో మొదటిది అంతరఖండం, రెండోది వాలు.

అయితే ఏ గీత? మామూలు కనిష్ఠ వర్గాల పద్ధతి అడ్డ అక్షం మీది మిషన్‌కు తప్పే రాదని నమ్ముతుంది. నిజానికి రెండు మిషన్లూ తడబడతాయి కాబట్టి వాలు ఉండాల్సిన దానికన్నా తగ్గిపోతుంది. ఆడ్‌కాక్ 1878లో ఆలోచించిన, డెమింగ్ 1943 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి రెండు మిషన్ల తప్పునూ లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే శాంపిల్‌ను మళ్లీ మళ్లీ పరీక్షిస్తే ఏ మిషన్ తడబాటు ఎంతో తెలుస్తుంది. పాసింగ్, బాబ్లాక్ 1983లో మరో దారి పట్టారు. 40 చుక్కలను జంటలుగా కలిపితే 780 గీతలు వస్తాయి. చిన్న సవరణతో వాటి వాలుల మధ్యగతాన్ని తీసుకుంటారు. ఎక్కడో విసిరేసినట్టున్న చుక్క ఈ గీతను కదపలేదు.

ఆ సుగుణమంటే నాకు కొంచెం భయం కూడా. దూరంగా పడ్డ ఆ చుక్క కామెర్ల రోగిది కావచ్చు. బిలిరుబిన్ జాఫే పద్ధతిని తప్పుదోవ పట్టిస్తుంది. గీత సంగతి తర్వాత, ముందు ఆ శాంపిల్ ఎవరిదో వెతకాలి.

ఆఖరికి చూడాల్సింది వైద్యుడు నిర్ణయం తీసుకునే అంకె దగ్గర తేడా ఎంత అన్నదే. 0.3 అంతరఖండం క్రియాటినిన్ 8 ఉన్నవారికి లెక్కలోది కాదు. కానీ 48 గంటల్లో 0.3 పెరిగితే కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగిలినట్టని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం. సోమవారం ఒక ల్యాబ్‌లో, బుధవారం ఇంకో ల్యాబ్‌లో చేయించుకున్న మనిషికి కిడ్నీలు బాగానే ఉన్నా ఆ జబ్బు అంటగట్టేయొచ్చు. రిపోర్టులో అంకె పక్కన పద్ధతి పేరు కూడా రాస్తే తేడా పద్ధతి వల్లేమోనన్న అనుమానం డాక్టరుకు అప్పుడే వస్తుంది.