తుప్పు ముక్క ఆనవాళ్లు

నేలలో దొరికిన పాత లోహపు ముక్కను పోల్చుకోవడానికి మూడు విషయాలు చూస్తారు: లోహం, ఆకారం, దొరికిన చోటు. అమెరికా అంతర్యుద్ధం (1861–65) జరిగిన వర్జీనియా వంటి రాష్ట్రాల్లో ఈ పని పాత వ్యాపకం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న మందుపాతర డిటెక్టర్లు జనం చేతికి రావడంతో అది మరింత పుంజుకుంది.

ముందు లోహం. ఎర్రటి తుప్పు పట్టి అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. పచ్చని చిలుము పడితే రాగి లేదా ఇత్తడి. తెల్లటి పొర కట్టి, చేతికి బరువుగా తగిలితే సీసం. అనుమానం తీరకపోతే ముక్కను ఒకసారి గాలిలో, మరోసారి దారానికి కట్టి నీటిలో ముంచి తూస్తారు. గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే పోత ఇనుముకు 7.2, ఇత్తడికి 8.5, సీసానికి 11.3కు దగ్గరగా వస్తుంది. ఈలోగా తుప్పును గీకకూడదు. అంకెలు, మరల గుర్తులు దానితోపాటే పోతాయి.

తర్వాత ఆకారం. ఒంపు రెండు దిక్కులా ఉంటే అది గుండ్రటి ఫిరంగి గుండు ముక్క. ఒక దిక్కునే ఉంటే పొడవాటి గుండుది. ఒంపు మీద రెండు బిందువుల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు, నడిమి ఎత్తు 8.5 మిల్లీమీటర్లు అనుకుంటే, లెక్క ప్రకారం వ్యాసం 114 మిల్లీమీటర్లు వస్తుంది. 12 పౌండ్ల ఫిరంగి గుండు కొలత దాదాపు అదే. గడియారపు ముఖంలా అంకెలున్న సీసం-తగరం బిళ్ల అయితే బోర్మన్ ఫ్యూజ్. పేలుడుకు 5¼ సెకన్ల దాకా వ్యవధి పెట్టేందుకు దాన్ని వాడేవారు. పొడవాటి గుండ్లలో, అడుగున ఇత్తడి కట్టు పారట్ గుండుకు, నడుమ సీసపు పట్టీ హాచ్‌కిస్ గుండుకు గుర్తు. గుండు పగలకుండా దొరికితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. లోపలి మందు నూట యాభై ఏళ్ల తర్వాతా పేలగలదు. 2008లో వర్జీనియాలో ఒక సేకరణదారు పాత గుండును బాగుచేస్తుండగా అది పేలి మరణించాడు.

చివరిది చోటు. మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్‌లో 1876లో లకోటా, షయాన్ తెగల యోధులు అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని ఓడించారు. 1983లో ఆ యుద్ధభూమిలో గడ్డి తగలబడింది. మరుసటి ఏడు పురావస్తు నిపుణులు డిటెక్టర్లు వాడే ఔత్సాహికులను వెంటబెట్టుకుని, దొరికిన ప్రతి వస్తువు దగ్గర జెండా పాతి, చోటు నమోదు చేశాకే తీశారు. ఖాళీ తూటా గొట్టాలపై తుపాకీ సూది కొట్టిన గుర్తులను సూక్ష్మదర్శినిలో పోల్చారు. ఒకే తుపాకీ నుంచి పడిన తూటా గొట్టాలు వేర్వేరు చోట్ల దొరికినప్పుడు, ఆ తుపాకీ పోరులో ఎటు కదిలిందో పటం మీద తేలింది. అవే గొట్టాలను జేబులో వేసుకుని వెళ్లి ఉంటే తుపాకీ రకం తప్ప మరేమీ తెలిసేది కాదు.

అందుకే అమెరికా జాతీయ ఉద్యానాల్లో డిటెక్టరుతో వెతకడం నిషిద్ధం. ఫెడరల్ భూముల్లో నూరేళ్లు దాటిన పురావస్తువుల కోసం అనుమతి లేకుండా తవ్వడాన్ని 1979 చట్టం నేరంగా పరిగణిస్తుంది. సొంత పొలంలో దొరికినా లోతు, దిక్కు, పక్కనున్న వస్తువులు రాసిపెట్టుకున్నాకే ముక్కను పైకి తీయాలి.