చేవ్రాలులో చెయ్యి

పాతకాలపు క్రీడాకారుడి చేవ్రాలును నకిలీ అని తోసిపుచ్చడం కంటే అసలుదని ఒప్పుకోవడం కష్టం. తోసిపుచ్చడానికి సిరా ఒక్కటి ఎదురు చెప్పినా చాలు, ఒప్పుకోవడానికి మాత్రం కాగితం, కలం, చెయ్యి, కాలం నాలుగూ ఒకే మాట మీద నిలవాలి. తెలుగు కుటుంబంలో 1895లో నాగపూర్‌లో పుట్టి, 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన భారత తొలి టెస్టుకు నాయకుడైన సి.కె. నాయుడు సంతకాన్నే తీసుకుంటే, ఆ పర్యటన నాటిదని చెప్పే జట్టు సంతకాల కాగితం మీద బాల్‌పెన్ గీత కనిపిస్తే పరీక్ష అక్కడితో ముగుస్తుంది, ఎందుకంటే లాజ్లో బీరో ఆ కలానికి పేటెంటు పొందింది 1938లో. బయలుదేరకముందే తప్పుకున్న విజయనగరం మహారాజకుమార్ పేరు గానీ, ఆ జట్టులో లేని తమ్ముడు సి.ఎస్. నాయుడు పేరు గానీ ఉన్నా ఆ కాగితాన్ని నమ్మరాదు. అయితే విడి పుస్తకంలోని బాల్‌పెన్ సంతకాన్ని అలా కొట్టివేయడం అన్యాయం. అరవై దాటాక కూడా రంజీ ఆడిన సి.కె. 1967 వరకు జీవించారు.

అసలు పరీక్ష చేతి నడకది. అలవాటైన సంతకంలో కలం కదులుతూనే కాగితాన్ని తాకి, కదులుతూనే లేస్తుంది కనుక గీత మొదలూ చివరా సన్నబడతాయి. చూసి గీసినదానిలో మొదళ్లు మొద్దుబారి, వంపుల దగ్గర తటపటాయింపు, అక్షరం మధ్యలో కలం ఎత్తి మళ్లీ అతికించిన గుర్తులు భూతద్దంలో తేలతాయి. ముసలితనపు వణుకు వేరు: అందులో చెయ్యి అదురుతుందే గాని దారి వెతుక్కోదు. ఒకదానిపై ఒకటి పెడితే రెండు సంతకాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయంటే సంతోషించకూడదు, ఏ మనిషీ రెండుసార్లు అచ్చంగా ఒకేలా సంతకం చేయడు గనుక అది అచ్చో, రబ్బరు ముద్రో, కింద నమూనా పెట్టి దిద్దినదో అయి ఉంటుంది.

పాత పుస్తకాల ఖాళీ పుటలు చించి వాడే మోసగాళ్లున్నారు కనుక కాగితం వయసు ఒక్కటే చాలదు. కాగితానికి పట్టించిన జిగురు పదును కాలంతో సడలిపోవడం వల్ల పాత పుట మీద కొత్త సిరా తరచు అంచుల వెంట పాకుతుంది. మాచికాయ, ఇనుప లవణం కలిసిన ఆనాటి నీలినలుపు సిరా మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పాఠకుడు వేలంశాలలకు వెళ్లనక్కరలేదు. తాతల నాటి పొలం దస్తావేజు ట్రంకుపెట్టెలో ఉంటే, దాని చివరి పుటలో సాక్షుల చేవ్రాళ్లను పగటి వెలుతురులో చూస్తే చాలు.