సున్నపురాయి సాక్ష్యం

చైనాలోని మీషాన్ క్వారీలో రాతిపొరలను చదివినవారి పనితనానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. సుమారు 25 కోట్ల 19 లక్షల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం చివర, సముద్రజీవ జాతుల్లో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయింది. ఆ విపత్తు ఆనవాళ్లను అక్కడి సున్నపురాతి కార్బన్‌లోంచి రాబట్టారు!

సూత్రం సులువే. మొక్కలూ నాచూ తేలికైన కార్బన్-12నే ఎక్కువగా పీల్చుకుంటాయి. బరువైన కార్బన్-13 నీటిలో మిగులుతుంది. ఆ నీటిలో ఏర్పడిన సున్నపురాయి నాటి నిష్పత్తిని దాచుకుంటుంది. అందులో కార్బన్-13 వాటా ఒక్కసారిగా పడిపోయిందంటే సముద్రంలోకి తేలిక కార్బన్ వచ్చిపడిందన్నమాట. 1940లలో షికాగోలో హెరాల్డ్ యూరీ బృందం ఇలాంటి కొలతలకు దారి వేసింది. ఆ నిష్పత్తికి కొలబద్దగా వాడిన, అమెరికాలోని పీడీ రాతిపొరల శిలాజం నిల్వ ఎప్పుడో అయిపోయిందంటారు.

అసలు విద్యంతా రాయి ఎంపికలో ఉంది. ఎండావానలకు చివికిన పైపొర పనికిరాదు. పగుళ్లలో తర్వాత చేరిన తెల్లటి కాల్సైట్ చారలను తప్పించి, సన్నటి డ్రిల్లుతో చిటికెడు పొడి తీయాలి. అదే రాతిని పలచటి బిళ్లగా అరగదీసి మైక్రోస్కోపు కింద పరీక్షించాలి. మాంగనీసు పెరిగి స్ట్రాన్షియం తగ్గితే, భూగర్భజలం ఆ రాతిని మార్చేసిందని అనుమానించాలి. ఈ పరీక్షలన్నీ దాటాకగానీ పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అప్పగించకూడదు. చెడిన రాయిని ఇచ్చినా ఆ యంత్రం అంతే నిబ్బరంగా అంకె చెబుతుంది మరి!

విలియం హోల్సర్, మొర్డెకై మగారిట్జ్ బృందాన్ని చూడండి. ఆస్ట్రియాలో గార్ట్‌నర్‌కోఫెల్ వద్ద డ్రిల్లు చేసి తీసిన రాతి కోర్‌ను వరసపెట్టి శోధించి 1989లో ఫలితాలు ప్రకటించారు. మీషాన్‌లో షెన్ షుజోంగ్ తదితరులు కార్బన్ నిష్పత్తి గీతను అగ్నిపర్వత బూడిదలోని జిర్కాన్ స్ఫటికాల వయసుతో ముడివేశారు. 2014కల్లా బర్జెస్, బౌరింగ్, షెన్ ఆ విలయం నడిచిన కాలాన్ని 60 వేల ఏళ్లకు కుదించారు, 48 వేలు అటూఇటూగా! ఆ కార్బన్ ఎక్కడిదంటే నా ఓటు సైబీరియా లావాకూ, అది రగిల్చిన బొగ్గుకూ.

మరి ఇప్పుడో? సంచీడు రాళ్లు తెచ్చి, బిళ్ల తీయకుండానే పొడికొట్టి, గీత వంగిన ప్రతిచోటా మహావిలయం అనేవాళ్లు బయల్దేరారు. ఇది శాస్త్రం కాదు, గీతలు గీసుకోవడం. ఇటు రాళ్లకే దిక్కులేదు. శ్రీనగర్ దగ్గర ఖునమూలోని గుర్యూల్ లోయ ఇదే విలయానికి మన దేశపు సాక్షి. దానికీ క్వారీల బెడద తప్పలేదు. మరో విలయానికి సాక్షిగా మన రాజమండ్రి దగ్గర రెండు లావా పొరల నడుమ సముద్రపు సున్నపురాయి ఉంది. డైనోసార్లు పోయాక తొలినాళ్ల సూక్ష్మజీవుల శిలాజాలను అందులో గెర్టా కెల్లర్ బృందం గుర్తించి 2008లో ప్రకటించింది. క్వారీల్లో బయటపడ్డ ఆ పొర క్వారీలకే బలికాకూడదు.

కార్బన్ అంకెలు అచ్చువేసేవారు రాతిబిళ్లల ఫొటోలూ వేయాలి, నమూనాలో సగం దాచాలి. ప్రభుత్వాలు ఇలాంటి క్వారీల్లో కనీసం ఒక్కో గోడనైనా తవ్వకుండా వదలాలి. అంకె మీద అనుమానం వచ్చినవాడు వెళ్లి మళ్లీ సుత్తి వేయడానికి రాయంటూ మిగలాలి కదా!