కానరాని కణములు: లెక్కలో వాని స్థానము

కంటికి కానరాని దానిని లెక్కలో చేర్చుట శాస్త్రమునకు క్రొత్త కాదు. 1962లో గెల్‌మన్ ఒమేగా కణమును, దాని ఆవేశమును, ఇంచుమించు ద్రవ్యరాశిని ముందుగా చెప్పెను. 1964లో అది బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో దొరికెను. నేడు భారకేంద్రకముల సంఘాతమును వివరించుటకు చేర్చబడుచున్న అనావిష్కృత కణములు ఈ కోవకు చెందునా యనునది విచార్యము.

ప్రోటాను మొదలగు, క్వార్కులతో నిర్మితమైన కణములకు హాడ్రానులని పేరు. ద్రవ్యరాశి పెరిగిన కొలది వీని రకములు అత్యంత వేగముగా పెరుగునని 1965లో సెర్న్ సంస్థలోని హాగెడార్న్ ప్రతిపాదించెను. అట్లైనచో ఎంత కాచినను ఆ శక్తి క్రొత్త కణములను పుట్టించుటకే వ్యయమగును. ఉష్ణోగ్రత రెండు లక్షల కోట్ల డిగ్రీల ప్రాంతమున నిలిచిపోవును. అది తుది మేర కాదనియు, క్వార్కులు విడివడు గడప యనియు 1975లో కబిబ్బో, పారిసీలు సవరించిరి.

క్వార్కు సిద్ధాంతము చెప్పు హాడ్రానులలో పెక్కు ఇంకను పట్టువడలేదు. 2014లో ప్రకటితమైన జాలక గణనలు, 'స్ట్రేంజ్' క్వార్కు గల హాడ్రానుల విషయమున, తెలిసిన పట్టిక చాలదనియు, కానరానివానిని చేర్చినచో పొత్తు కుదురుననియు చూపెను. ఇది బలమైన సాక్ష్యమే. ఏలయన ఆ గణన సంఘాతప్రయోగముల ఫలితములపై ఆధారపడినది కాదు.

లోపము వేరొకచోట నున్నది. ఈ కణములు పుట్టిన క్షణముననే విచ్ఛిన్నమై పయానులుగను, కేయానులుగను, ప్రోటానులుగను మారును. ఏది ఎంత పాలుగా మారునో తెలియదు. ఆ పాళ్లను ఊహతో నింపవలసివచ్చుచున్నది. జమ తెలిసి, ఖర్చు తెలియని పద్దును సరిచూచుట యెట్లు? సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగమున ప్రోటానులు అంచనాకంటె తక్కువగా కనబడినప్పుడు, కానరాని కణములను చేర్చుట ఒక మందుగా సూచింపబడెను. కాని పయానులకును కేంద్రకకణములకును గల పరస్పర క్రియను, కొలిచి తెలిసికొన్న విలువలతోనే లెక్కించి, ఆ తేడాను తీర్చవచ్చునని 2019లో మరికొందరు చూపిరి.

కావున లెక్క కుదిరినంతమాత్రమున కణము దొరికినట్లు కాదు. కానరాని కణమును లెక్కలోనికి పిలువవచ్చును; కాని దాని పేరున వచ్చిన ఫలితమును దానికే సాక్ష్యముగా చూపరాదు. జెఫర్‌సన్ ప్రయోగశాలలో కేయాన్ పుంజముతో ఇట్టి కణములను నేరుగా వెదకుటకు 2020లో ఆమోదము లభించినది. తీర్పు చెప్పవలసినది అట్టి అన్వేషణమే.