కొట్టించుకునే ముందు చెప్పాల్సిన మాట

పెయింట్‌బాల్ అనగానే అందరి ధ్యాసా ట్రిగ్గర్ మీదికే పోతుంది. మా డాలస్‌లో మన కుర్రాళ్లు కొందరు టీమ్ కట్టి చిన్న చిన్న టోర్నమెంట్లు ఆడుతున్నారు. శనివారాలు వాళ్లతోపాటు నేనూ మైదానంలో ఉంటాను. కొత్తగా చేరినవాడు మొట్టమొదట అడిగేది ఏ మార్కర్ కొనాలని. ఈ ఆటలో తుపాకీని అలాగే పిలుస్తారు. ఉన్నదాంతో ఆడు, మిగిలిన డబ్బుతో ప్రాక్టీసుకు పెయింటు కొనుక్కో అంటాను. పెట్టెకు 2000 రంగు గోళీలు వస్తాయి. ఒళ్లు దాచుకోకుండా సాధన చేస్తే ఒక్క పూటలో ఖాళీ అవుతాయి.

గెలుపు తుపాకీలో లేదన్న సంగతి ఈ ఆట పుట్టిన రోజే తేలిపోయింది. 1981 జూన్ 27న న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలో హెన్నికర్ దగ్గరి అడవిలో 12 మంది తొలి ఆట ఆడారు. ఎవరికి వారే, జట్లు లేవు. చేతుల్లో ఉన్నవి చెట్లకూ పశువులకూ రంగు గుర్తులు వేయడానికి తయారైన నెల్‌స్పాట్ 007లు. గెలిచినవాడు రిచీ వైట్ అనే అటవీ నిపుణుడు. ఒక్క గోళీ కూడా పేల్చకుండా అడవిలో పెట్టిన జెండాలన్నీ పట్టుకొచ్చాడు. అడవి తెలిసినవాడికి పేల్చే అవసరమే రాలేదు.

ఇప్పటి టోర్నమెంటు ఆటకు అడవితో పని లేదు. 150 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు ఉండే పచ్చిక మీద గాలి నింపిన బంకర్లు నిలబెడతారు. జట్టుకు ఐదుగురు. ఒక అంచున పాకుతూ వెళ్లడానికి పొడుగ్గా, నేలబారుగా ఉండేది స్నేక్. రెండో అంచున వరసగా ఉండే త్రికోణాలు డొరిటోలు. ఒక సగం ఎలా ఉంటే రెండోదీ అచ్చం అలాగే ఉంటుంది. పెద్ద టోర్నమెంట్లలో ఏ బంకర్ ఎక్కడ ఉంటుందో ముందే ప్రకటిస్తారు. అంటే ప్రశ్నపత్రం అందరికీ ముందే తెలుసు. అలాంటప్పుడు ఎవరు ఎంత చదివారన్నదే తేడా.

చదవడమంటే మార్కర్ పక్కన పెట్టి మైదానమంతా నడవడం. ప్రతి బంకర్ వెనకా మోకాళ్ల మీద కూర్చోవాలి, స్నేక్‌లో బోర్లా పడుకోవాలి. అక్కణ్నుంచి ఏ సందులోంచి ఎవరు కనిపిస్తారో చూసుకోవాలి. ఆ తర్వాత ఎదుటి జట్టు వైపుకు వెళ్లి మనల్ని మనం చూసుకోవాలి. ఈ రెండో పని చాలా టీములు చెయ్యవు.

బజర్ మోగిన మొదటి మూడు నాలుగు సెకన్లలోనే పాయింటు సగం తేలిపోతుంది. ముందుకు పరిగెత్తేవాళ్లు పరిగెడతారు, మిగిలినవాళ్లు లేన్ పడతారు. లేన్ అంటే మనిషికి గురిపెట్టడం కాదు, మనిషి రాబోయే చోటుకు గురిపెట్టడం. తోటకు పైపు పట్టినట్టు ఆ ఖాళీలోకి ధార వదిలితే పరిగెత్తేవాడే వచ్చి తగులుతాడు. గోళీ వేగానికి మైదానాల్లో పరిమితి సాధారణంగా సెకనుకు 300 అడుగులు. గాలికి అదీ తగ్గుతుంది, పోనుపోను కిందికి వంగుతుంది. ఎంత ఎత్తి కొట్టాలో చెయ్యి గుర్తుపట్టేదాకా ఒకణ్ని పరిగెత్తించి, ఇంకొకడితో కొట్టిస్తూ ఉండటమే దారి.

బంకర్ దగ్గర చూడాల్సింది చేతులు. కుడిచేతివాటం వాడు ఎడమ అంచు నుంచి బయటికొస్తే కన్నుకంటే ముందు భుజం, మోచేయి, మార్కర్ మీద గోళీలుండే డబ్బా, అంటే హాపర్, సగం బయటపడతాయి. హాపర్‌కు రంగు అంటినా అవుటే. అందుకే ఎడమ అంచుకు ఎడమచెయ్యి. మొదట్లో ప్రాణం విసుగెత్తుతుంది, అయినా వదలకూడదు. రెండు గోళీలు కొట్టి లోపలికి రావాలి. మళ్లీ తల తీసేటప్పుడు అదే ఎత్తులో తియ్యకూడదు.

ఇదంతా వచ్చినా ఓడిపోయే టీములున్నాయి. కారణం మాట. మొన్న ఒక కుర్రాడు అడిగాడు, “అన్నా, స్నేక్‌లోకి దిగాక నాకేమీ కనపడట్లేదు, ఎలా?” అని. “వెనకున్నవాడు చూస్తాడ్రా, నువ్వు విను. విన్నది గట్టిగా తిరిగి చెప్పు,” అన్నాను. మాస్కు, బంకర్ల మీద గోళీల మోత. ఆ రొదలో ‘అక్కడ’, ‘అటు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. బంకర్ పేరు చెప్పాలి, ఎదుటి జట్టులో ఎంతమంది పోయారో చెప్పాలి. మా వాళ్లు తెలుగులోనే అరుచుకుంటారు, ఎదుటివాళ్లకు తెలియకుండా.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే నియమం ఒకటుంది. రంగు అంటిన ఆటగాడు నోరు మెదపకూడదు. చెయ్యెత్తి బయటికి నడవాలి. తనను కొట్టినవాడు ఏ బంకర్‌లో ఉన్నాడో కళ్లారా చూసి ఉంటాడు, కానీ ఇక చెప్పడానికి లేదు. వాడితోపాటు ఆ కబురూ మైదానం దాటిపోతుంది. కాబట్టి తెలిసింది తెలిసినట్టు అప్పటికప్పుడు చెప్పేయాలి. గొంతు దాచుకుని మంచి అదను కోసం చూసే ఆటగాడంటే నాకు భయం, వాడు ఎంత గురికాడైనా సరే.

పాయింటుకూ పాయింటుకూ మధ్య దొరికే రెండు నిమిషాల్లో మాస్కులు తుడుస్తూ, పాడ్‌లలో గోళీలు నింపుతూ, బయటికొచ్చిన ప్రతివాణ్నీ మూడు అడుగుతాను. ఎక్కడ కొట్టించుకున్నావు? ఎవరు కొట్టారు? వాడక్కడున్నాడని ఎవరికి చెప్పావు? మూడోదానికి జవాబు లేనివాణ్ని తిట్టను. తర్వాతి శనివారం ప్రాక్టీసంతా వెనక బంకర్‌లో నిలబెట్టి, మార్కర్ ఇవ్వకుండా నోటితోనే ఆడిస్తాను.