తెరవకుండా చూసే పనితనం

జగిత్యాలలో ఒక కాలేజీ, కోరుట్లలో ఒక ట్రావెల్స్ ఆఫీసు, సిరిసిల్లలో ఒక బట్టల వ్యాపారి ఉన్నారనుకుందాం. ముగ్గురికీ సొంత డొమైన్ పేరుతో మెయిల్ ఉంది. కాలేజీ సర్వర్ వాళ్ల గదిలోనే నడుస్తుంది. మిగతా ఇద్దరివీ హైదరాబాద్‌లో డేటా సెంటర్‌లో ఉన్నాయి. మూడింటినీ చూసుకునే మనిషి మాత్రం ఇంకో ఊళ్లో ఉంటాడు. కాలేజీకి పరీక్షల సర్క్యులర్ రావాలి, ట్రావెల్స్‌కు దుబాయ్ నుంచి వీసా కాపీ రావాలి, వ్యాపారికి ఆర్డరు రావాలి. ఒకవేళ రాకపోతే ఆ సంగతి ముందు ఎవరికి తెలియాలి? సర్వర్ చూసుకునే మనిషికి తెలియాలి. గల్ఫ్ ప్రయాణం ఆగిపోయిన కుర్రాడి తండ్రి ఫోన్ చేసి అడిగేదాకా తెలియకపోతే ఆ ఏర్పాటులో పనితనం లేనట్టే.

సిరిసిల్లలో ఒక్క కార్మికుడు నాలుగైదు సాంచాలను, అంటే మరమగ్గాలను, ఒకేసారి చూసుకోగలుగుతాడు. పేక పోగు తెగగానే సాంచె తనంతట తాను ఆగిపోయే చిన్న ఏర్పాటు అందులో ఉండటం దానికి ఒక కారణం. చప్పుడు ఆగింది కాబట్టి చూపు అటు పోతుంది. మెయిల్ సర్వర్‌కు ఈ గుణం లేదు. లోపల పోగు తెగినా పైకి నడుస్తున్నట్టే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. ఒక ఉత్తరం అవతలికి చేరకపోతే, మనం ఏమీ మార్చకుండా ఉంచితే, అది ఐదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ తర్వాతే పంపినవాడికి ‘చేరలేదు’ అని చెబుతుంది. అంత ఓపిక సర్వర్‌కు మంచి గుణమే. వీసా గడువు మూడు రోజులే ఉన్నవాడికి మాత్రం ఆ ఓపిక పనికిరాదు. అందుకే పక్కన నిలబడి చూసే ఇంకో కన్ను కావాలి.

ఆ కన్ను ఎలా చూస్తుందన్నదే ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. అది దేన్నీ తెరవదు, దేన్నీ కదపదు. మెయిల్‌బాక్సును దూరం నుంచి చదివే ఐమ్యాప్ పద్ధతిని మార్క్ క్రిస్పిన్ 1986లో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించాడు. దాని నియమాలను చాలాకాలం నిర్దేశించిన 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3501 అనే ప్రమాణ పత్రంలో ‘స్టేటస్’ అనే ఆదేశం ఉంది. బాక్సులో ఎన్ని ఉత్తరాలున్నాయి, చదవనివి ఎన్ని, తర్వాత వచ్చేదానికి ఏ సంఖ్య పడుతుంది అన్నవి ఈ ఆదేశంతో అడగవచ్చు. అలా అడిగినందువల్ల ఏ ఉత్తరం స్థితీ మారకూడదని అదే పత్రం కచ్చితంగా చెబుతుంది. కొత్తగా వచ్చినది కొత్తదిగానే, చదవనిది చదవనిదిగానే ఉండిపోతుంది. కాలేజీ ఆఫీసులో కూర్చున్న ఉద్యోగికి తన బాక్సును ఎవరో లెక్కపెట్టి వెళ్లారన్న జాడ కూడా కనిపించదు.

ఆ మూడో ప్రశ్న, అంటే ‘తర్వాతి సంఖ్య’, చూడటానికి చిన్నదే గానీ చాలా లోతైనది. ఉత్తరాల మొత్తాన్ని ఒక్కటే చూస్తే మోసపోతాం. పొద్దున నలభై ఉన్నాయి, సాయంత్రమూ నలభై ఉన్నాయి. అంటే ఏమీ రాలేదా? పది వచ్చాయి, పది తీసేశారా? ఐమ్యాప్‌లో ప్రతి ఉత్తరానికీ పెరుగుతూ పోయే సంఖ్య ఒకటి ఉంటుంది. ఉత్తరం తీసేసినా ఆ సంఖ్య మళ్లీ ఇంకోదానికి రాదు. కాబట్టి తర్వాతి సంఖ్య కదిలితే ఏదో వచ్చినట్టే. రోజూ పదుల కొద్దీ ఆర్డర్లు వచ్చే బాక్సులో పనివేళల్లో కూడా అది కదలకపోతే ఎక్కడో దారి మూసుకుపోయిందని అనుమానించాలి. ఉత్తరంలో ఒక్క మాటా చదవకుండా ఇంత తెలుసుకోవచ్చు.

ఇదే మర్యాద డిస్కు మీద కూడా కనిపిస్తుంది. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ రాసిన డేనియల్ బెర్న్‌స్టీన్ తెచ్చిన మెయిల్‌డిర్ పద్ధతిలో ప్రతి ఉత్తరమూ ఒక ఫైలు. బాక్సులో మూడు ఫోల్డర్లుంటాయి: టెంప్, న్యూ, కర్. ఉత్తరాన్ని ముందు టెంప్‌లో పూర్తిగా రాసి, ఆ తర్వాతే న్యూలోకి చేరుస్తారు. మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఉత్తరం న్యూలో కనిపించదు. మెయిల్ చూసే ప్రోగ్రాము దాన్ని గమనించాక అది కర్‌లోకి వెళ్తుంది. చదివారా, జవాబిచ్చారా అన్న గుర్తులు ఫైలు పేరు చివరనే అక్షరాలుగా ఉంటాయి: చదివితే ఎస్, జవాబిస్తే ఆర్. 2002లో ఫిన్లాండ్‌కు చెందిన టిమో సిరైనెన్ విడుదల చేసిన డవ్‌కాట్ సర్వర్ ఫైలు సైజును కూడా పేరులోనే రాసుకోగలదు. అంటే కాపలా ప్రోగ్రాముకు ఫైళ్ల పేర్లు చూస్తే చాలు. కవరు చించాల్సిన అవసరం లేకుండా కట్టిన ఇల్లు ఇది.

బాక్సు నిండటం ఇంకో పాత బాధ. పెద్ద స్కాన్ కాపీలు వచ్చిపడే ట్రావెల్స్ ఆఫీసులో ఇది తరచూ ఎదురయ్యే ఇబ్బందే. కోటా ఎంత, వాడినది ఎంత అని అడిగే పద్ధతిని 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2087 ఖాయం చేసింది. డవ్‌కాట్‌లో ఎనభై శాతానికి ఒకసారి, తొంభై ఐదుకు ఇంకోసారి ముందే హెచ్చరించేలా పెట్టుకోవచ్చు. నిండాక చెప్పే కబురు వల్ల లాభం లేదు, అప్పటికే ఉత్తరాలు వెనక్కి పోవడం మొదలై ఉంటుంది.

బాక్సు దాకా రాని ఉత్తరాల సంగతి వేరు. అవి క్యూలో నిలబడి ఉంటాయి. ఇక్కడ మంచి పనివాడు ఎన్ని ఉన్నాయన్నదానికంటే, వాటిలో అన్నిటికంటే పాతది ఎంతసేపటి నుంచి ఉందన్నది చూస్తాడు. కాలేజీ ఒకేసారి వేయి మంది విద్యార్థులకు ఫలితాలు పంపితే క్యూ పొడవవుతుంది, కాసేపటికి తగ్గిపోతుంది. అది జబ్బు కాదు. క్యూలో మూడే ఉత్తరాలుండి, అందులో ఒకటి ఆరు గంటలుగా కదలకపోతే అది జబ్బు. ఈ వివేకం నిన్నమొన్నటిది కాదు. మెయిల్ సర్వర్లను దూరం నుంచి కనిపెట్టడానికి ఏమేం లెక్కలు కావాలో 1994లో స్టీవ్ కిల్, నెడ్ ఫ్రీడ్ ఆర్‌ఎఫ్‌సీ 1566గా రాశారు. దాని 2000 నాటి రూపంలో ‘నిల్వ ఉన్నవాటిలో అతిపాత ఉత్తరం వయసు’ అన్న అంశం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అంతకంటే పనికొచ్చే అంకె ఇంకోటి దొరకదు.

ఇవన్నీ లోపలి లెక్కలు. వీటన్నిటినీ సరిచూసే పరీక్ష ఒకటుంది. బయటి చిరునామా నుంచి కొన్ని నిమిషాలకోసారి ఒక చిన్న ఉత్తరం, ప్రతిసారీ కొత్త గుర్తుతో, సర్వర్‌లోని పరీక్ష బాక్సుకు పంపుతారు. కాపలా ప్రోగ్రాము ఆ బాక్సులోకి లాగిన్ అయి, ఆ గుర్తు ఎంతసేపటికి చేరిందో కొలిచి, దాన్ని తీసేస్తుంది. ఐమ్యాప్ పోర్టు 993 తెరిచి ఉందని తెలిసినంత మాత్రాన ఉత్తరం చేరుతుందని చెప్పలేం. ఈ ప్రయాణంలో డొమైన్ పేరు, సర్టిఫికెట్, స్పామ్ వడపోత, డిస్కు, పాస్‌వర్డ్ తనిఖీ అన్నీ ఒకేసారి పరీక్షకు నిలబడతాయి. అసలు మనుషుల బాక్సుల పాస్‌వర్డ్‌లు కాపలా యంత్రంలో దాచాల్సిన అవసరమూ తప్పుతుంది. పరీక్ష బాక్సుకు పాస్‌వర్డ్, మిగతావాటికి సర్వరే లెక్కగట్టి ఇచ్చే అంకెలు. మర్యాదా భద్రతా ఒకే ఏర్పాటులో కుదిరాయి.

కాలేజీ గదిలో ఉన్న సర్వర్‌తో ఇంకో చిక్కు ఉంది. బయటి నుంచి దానిలోకి దారి తెరవాలంటే రూటర్‌లో కొత్త పోర్టు తీయాలి, అది దొంగలకూ దారే. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ 2001లో విడుదల చేసిన జాబిక్స్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ దీనికి చక్కటి ఉపాయం చూపింది. సర్వర్‌లో ఉండే చిన్న ఏజెంటు, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా, తానే బయటికి వెళ్లి జాబిక్స్ కేంద్ర సర్వర్ 10051 పోర్టుకు లెక్కలు అప్పజెబుతుంది. కాపలా కోసం లోపలికి కొత్తగా ఏ తలుపూ తెరవక్కర్లేదు. మరి ఏజెంటే మూగబోతే? నిర్ణీత సమయంలో కబురు రాకపోవడాన్నే ప్రమాదంగా లెక్కించే నియమం కూడా జాబిక్స్‌లో ఉంది. అంతా బాగుంది కాబట్టి మౌనంగా ఉందా, చచ్చిపోయి మౌనంగా ఉందా అన్న తేడాను గుర్తించడమే ఈ పనిలో సగం.

చివరగా హెచ్చరిక. మెయిల్ పాడైందన్న కబురును అదే మెయిల్ ద్వారా పంపితే అది చేరదు. ఎస్సెమ్మెస్‌గానో ఫోన్ కాల్‌గానో వేరే దారిలో పోవాలి. బాక్సు నిండటం తొంభై శాతం దాటితే మోగి, ఎనభై తొమ్మిదికి రాగానే ఆగి, మళ్లీ తొంభై దాటగానే మోగే గంటను రెండో రోజుకే ఎవరూ పట్టించుకోరు. అందుకని తొంభై దగ్గర మోగిస్తే ఎనభై కిందికి దిగాకే సర్దుకుందని ఒప్పుకోవాలి. అర్ధరాత్రి నిద్ర లేపే కారణాలు వేరు, పొద్దున చూసుకోదగ్గవి వేరు. వీటిని విడదీసి రాసుకున్న మనిషి యంత్రాన్నే కాదు, ఆ ఫోన్ ఎత్తే తోటి మనిషిని కూడా ఆలోచనలో పెట్టుకున్నాడు.

మన ఊళ్లలో ఎవరైనా ఈ పనికి మనిషిని పెట్టుకుంటే, ముందు రంగురంగుల గ్రాఫులు అడగొద్దు. పరీక్ష బాక్సుకు ఉత్తరం చేరకుండా ఒక్క పావుగంట ఆపి, ఎవరి ఫోన్ మోగుతుందో చూపించమనండి. ఇప్పుడు క్యూలో అతిపాత ఉత్తరం వయసెంతో అడగండి. ఆ ఉత్తరంలో ఏముందో కూడా అడగండి. మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పి, రెండోదానికి ‘అది నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు’ అన్నవాడి చేతిలో మీ మెయిల్‌ను నిశ్చింతగా పెట్టవచ్చు.