స్టెట్సన్ కెనెడీ: 'నేను' చెప్పిన సాక్ష్యం

రహస్య పరిశోధన చేసే పాత్రికేయుడు అబద్ధంతోనే లోపలికి వెళతాడు. పేరు మార్చుకుంటాడు, తనలో లేని ద్వేషాన్ని నటిస్తాడు. ఆ అబద్ధాన్ని పాఠకుడు మన్నించేది ఒక్క షరతు మీదనే: బయటికి వచ్చాక తనకు మాత్రం నిజం చెప్పాలి. అమెరికాలో శ్వేతజాత్యహంకార సంస్థల గుట్టు బయటపెట్టిన రచయితగా పేరుపొందిన స్టెట్సన్ కెనెడీ (1916–2011) కృషిని అంచనా వేయడానికి ఈ షరతే గీటురాయి.

ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌లో పుట్టిన కెనెడీ, ఆర్థికమాంద్యం కాలంలో ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు తరఫున జానపద విశేషాలు సేకరించారు. రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ అక్కడ ఆయనతో కలిసి పనిచేశారు. ఆ అనుభవంతోనే 1942లో 'పాల్మెటో కంట్రీ' వెలువరించారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి జార్జియాలో మళ్ళీ తలెత్తుతున్న కు క్లక్స్ క్లాన్ మీదకు ఆయన దృష్టి మళ్ళింది. సేకరించిన సమాచారాన్ని పత్రికలకు, క్లాన్‌ను వ్యతిరేకించే సంస్థలకు, ప్రభుత్వ న్యాయవాదులకు అందించారు. క్లాన్ చార్టర్‌ను రద్దు చేయాలని జార్జియా ప్రభుత్వం 1946లో న్యాయస్థానానికి వెళ్ళింది. అదే ఏడాది 'సూపర్‌మాన్' రేడియో నాటకం క్లాన్‌ను పోలిన ముఠాను కథలోకి తెచ్చి ఎండగట్టింది.

ఈ పోరాటాన్ని ఆయన 1954లో లండన్ నుంచి వెలువడిన 'ఐ రోడ్ విత్ ది కు క్లక్స్ క్లాన్'లో చెప్పారు. 1990లో అదే పుస్తకం 'ది క్లాన్ అన్‌మాస్క్‌డ్'గా పునర్ముద్రణ పొందింది. అందులో కథకుడు మారుపేరుతో క్లాన్‌లో చేరతాడు, ముసుగు తొడుగుతాడు, పట్టుబడతానేమోనన్న భయంతో ప్రతి సమావేశానికీ వెళ్ళివస్తాడు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను ఎరిగిన పాఠకులకు ఈ ఉత్కంఠ కొత్తది కాదు.

రచయిత బెన్ గ్రీన్ న్యూయార్కు, అట్లాంటాలలో భద్రపరచిన కెనెడీ పత్రాలను పరిశీలించినప్పుడు మరో మనిషి కనిపించాడు. 'జాన్ బ్రౌన్' అన్న మారుపేరుతో క్లాన్ లోపలి నుంచి నివేదికలు పంపిన కార్మికుడాయన. పుస్తకంలో 'నేను' చూసినట్టున్న ఘట్టాలు కొన్ని ఆయన నివేదికల్లోవి. మరికొన్ని కెనెడీ బహిరంగంగా జరిపిన ఇంటర్వ్యూల నుంచి వచ్చినవి. 'ఫ్రీకనామిక్స్' (2005)లో కెనెడీని వీరుడిగా చిత్రించిన స్టీవెన్ లెవిట్, స్టీఫెన్ డబ్నర్ 2006 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ సంగతి వెల్లడించి, తమ పుస్తకాన్ని సవరించుకున్నారు.

లోపలి మనిషి ప్రాణాన్ని కాపాడటానికి ఇద్దరినీ ఒకరుగా చేయక తప్పదని వాదించవచ్చు. ఆ వాదన సగమే నిలుస్తుంది. పేరు దాచడం రక్షణ. ఆయన చూసినదాన్ని తాను చూసినట్టు రాసుకోవడం రక్షణ కాదు. ఒక వైద్యుడు పరీక్షించిన రోగి గురించి మరొకరు తానే పరీక్షించినట్టు కేసు షీటులో రాస్తే, రోగనిర్ధారణ సరైనదే అయినా ఆ కాగితం మీద నమ్మకం పోతుంది. సాక్ష్యంలో ఏం జరిగిందన్నది ఎంత ముఖ్యమో, ఎవరు చూశారన్నదీ అంతే ముఖ్యం. రాతలో ఒక్కచోట అతుకు బయటపడితే చాలు, మొత్తాన్నీ కొట్టిపారేయడానికి విద్వేషవాదులకు వీలు చిక్కుతుంది.

ఈ 'నేను' చేసిన నష్టం మరొకటి ఉంది. కార్మికులు, న్యాయవాదులు, పౌరసంస్థలు, పత్రికలు కలిసి చేసిన పనిని అది ఒక్క మనిషి సాహసంగా కుదించింది. ఇటువంటి సంస్థలను ఎదిరించేది ఒంటరి వీరుడేనన్న భ్రమను మిగిల్చింది. నిజానికి క్లాన్‌ను ఇబ్బంది పెట్టినవి సమావేశాల వివరాలు, పేర్ల జాబితాలు, కోర్టు కాగితాలు.

అయితే కెనెడీని పట్టి ఇచ్చిన కాగితాలు ఆయన స్వయంగా సేకరించి భద్రపరచినవే. అవి పుస్తకంలోని కథకుణ్ణి బోనెక్కిస్తాయి; క్లాన్ మీద ఆయన అందించిన సమాచారానికి దన్నుగానూ నిలుస్తాయి. అందువల్ల ఆయన కృషిని తెలుసుకోదలచినవారు పుస్తకంతో ఆగకుండా ఆ పత్రాలను కూడా చదవాలి. మారుపేరు చాటున పనిచేసిన ఆ కార్మికుడికి దక్కవలసిన గౌరవం అక్కడే ఉంది.